పత్ర సంకోచం

మా విభాగానికి మొక్క వచ్చిన రోజున మేము దానికి మొదట ఇచ్చింది నీళ్ళు కాదు, నంబరు. 'వి-3/మొ-1' అని కుండీ మీద తెల్లరంగుతో రాయించారు. మూడో విభాగం, మొదటి మొక్క. రెండో మొక్క వచ్చే అవకాశం ఏమీ లేదు. అయినా మా శాఖలో నంబరు లేనిది ఏదైనా సరే, ఉన్నా లేనట్టే లెక్క.

మొక్క తనంతట తాను రాలేదు. 'కార్యాలయ హరిత వికాస పథకము' కింద వచ్చింది. ఉత్తర్వులో ఇలా ఉంది: "ప్రతి విభాగమునందును ఒక మొక్కను ప్రముఖ స్థలమున నెలకొల్పవలెను. దాని పోషణ బాధ్యత సిబ్బంది యావన్మందికిని సమానముగా వర్తించును."

సమానంగా అన్న మాట మీద మా సూపరింటెండెంటు త్రిపురసుందరి గారు రెండు రోజులు ఆలోచించారు. మంచి మనిషి. ఎవరికీ అన్యాయం జరగకూడదని ఆవిడ తాపత్రయం. చివరికి ఎనిమిది మందిమీ రోజూ తలా ఒక గ్లాసు నీళ్ళు పోసి, 'జలప్రదాన రిజిస్టరు'లో టైము వేసి సంతకం పెట్టాలని తేల్చారు. సెలవు పెట్టినవాళ్ళు మర్నాడు రెండు గ్లాసులు పోయాలి.

ప్రముఖ స్థలం అంటే తలుపు తెరవగానే అధికారుల కంట పడే చోటు. మా గదిలో ఆ చోటు సరిగ్గా ఏసీ కింద ఉంది. ఆ ఏసీ మాకోసం పెట్టింది కాదు. ఒకప్పుడు అక్కడ బీరువా అంత కంప్యూటరు ఒకటి ఉండేది. దానికి ఎప్పుడూ పద్దెనిమిది డిగ్రీలే ఉండాలని నియమం. కంప్యూటరు పాడై వెళ్ళిపోయి నాలుగేళ్ళయింది. నియమం వెళ్ళలేదు.

నా కుర్చీ ఆ గది చివర, కిటికీ పక్కన. పదిహేడేళ్ళుగా అక్కడే. అవతల చూడటానికి ఏమీ లేదు. తుప్పు పట్టిన నీళ్ళ ట్యాంకు, దాని మీద రెండు పావురాలు, వెనక ఒక వెల్ల గోడ. పొద్దున ఎండ ఆ గోడకు తగిలి, మెత్తబడి లోపలికి వస్తుంది. ఏసీ గాలి అంత దూరం రాదు. మనుషులు కూడా పెద్దగా రారు. మనుషులంటే నాకు ఇష్టం లేక కాదు. చెప్పబోయే ప్రతి మాటా ముందు లోపల ఒకసారి చెప్పుకుని చూసుకోవడం నాకు అలవాటు. చూసుకుని వచ్చేసరికి ఎదుటివాళ్ళు ఇంకో విషయానికి వెళ్ళిపోయి ఉంటారు. పావురాలతో ఆ ఇబ్బంది లేదు. ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను. అయినా ఒంటరిగా ఉండాలనిపిస్తే ఆఫీసుకే వస్తాను.

ఏటా మార్చిలో మా ప్రవర్తన గురించి పైవాళ్ళకు నివేదిక వెళుతుంది. అందులో నాకెదురుగా పదిహేడేళ్ళుగా ఒకటే వ్యాఖ్య: "ముడుచుకుపోవు స్వభావము." అది ప్రతికూల వ్యాఖ్య కాబట్టి ఒక చీటీ మీద నాకు తెలియజేసి సంతకం తీసుకుంటారు. పెడుతూ వచ్చాను. అబద్ధం కాదు కదా.

మెట్టతామర ఆకుల్లా వెడల్పుగా, నిగనిగలాడుతూ వచ్చిన మొక్క నెల తిరక్కుండా ముడుచుకోవడం మొదలుపెట్టింది. ఆకుల అంచులు రెండు వైపుల నుంచీ లోపలికి వంగాయి. ఒక్కో ఆకూ తనలో ఏదో దాచుకుంటున్నట్టు ఉంది. ఆ భంగిమ నాకు బాగా తెలుసు. పెళ్ళిళ్ళలో నేను కూర్చునే భంగిమ అది.

"ఏటండీ ఇది, చుట్టలాగా చుట్టుకుపోతంది?" అన్నాడు సత్తిరాజు. నా ముందు సీట్లో జూనియర్ అసిస్టెంటు. మాటను లోపల చెప్పుకుని చూసుకునే అలవాటు బొత్తిగా లేని మనిషి.

"రోజూ నీ మొహమే ఎదురుగా ఉంటే ఇంకేం చేస్తుంది పాపం," అంది డిస్పాచ్ చూసే హైమావతి.

ఆ రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక, గది ఊడ్చే నూకాలు చీపురు గోడకు ఆనించి, కుండీలో వేలు పెట్టింది. వేలు సగం దాకా దిగిపోయింది. పైకి తీసి నాకు చూపించింది. నల్లటి బురద.

"సూడండి బాబూ. కుండీ కాదిది, ఊబి. కాళ్ళేమో బురదలో, నెత్తి మీదేమో మంచుగాలి. మనిషైతే ఈపాటికి దుప్పటి కప్పుకుని పడుకునేవోడు. నోరు లేదు కాబట్టి ఆకు ముడిసింది."

"ఏం చెయ్యాలి నూకాలమ్మా?"

"సెయ్యడం కాదండీ, మానాల. నీళ్ళు మానాల. మన్ను ఎండితేనే మళ్ళీ పొయ్యాల. గాలి కొట్టకుండా, ఎండ సూటిగా పడకుండా, ఎలుతురున్న కాడ పెట్టాల." గదంతా ఒకసారి కలయజూసింది. చూపు నా దగ్గరికి వచ్చి ఆగింది. "అలాంటి సోటు ఈ గదిలో ఒక్కటే ఉందండి. తమరు కూకున్నారు."

నేను ముందున్న ఫైలు తెరిచాను.

"నేను సెబితే సీపురు మాటంటారు. తమరు సెప్పండి."

"చెబుతాను," అన్నాను. ఎప్పుడు అన్నది చెప్పలేదు.

మనసు విచిత్రమైనది. తనకు నష్టం తెచ్చే నిజాన్ని అది అబద్ధం అనదు. ఇంకాస్త రుజువు కావాలి అంటుంది. నిపుణులను అడిగితే బాగుంటుంది అంటుంది. కుర్చీ వదలడం ఇష్టం లేదని నాకు నేను ఒప్పుకోవడం కన్నా, పై కార్యాలయానికి ఉత్తరం రాయడం తేలిక. రాశాను: "విభాగపు మొక్క ఆకులు ముడుచుకుంటున్నవి. వ్యవసాయ నిపుణుల సలహా ఇప్పించగలరు."

పైకి పోయే ముందు ఉత్తరం సంతకం కోసం మా సంయుక్త సంచాలకులు దివాకరం గారి దగ్గరికి వెళ్ళింది. ఆ ఏడాదిని మా శాఖ 'శుద్ధ భాషా వత్సరము'గా ప్రకటించింది. ఆయన బల్ల మీద శాఖ వారి పదకోశం ఎప్పుడూ తెరిచే ఉండేది. అందులో లేని మాట ఆయన సంతకం దాటేది కాదు.

"ఆకులా?" అన్నారు దివాకరం గారు, కళ్ళజోడు తీసి. "మార్తాండరావుగారూ, ఇది ప్రభుత్వ లేఖయా, విస్తళ్ళ దుకాణమా? ఆకు అనగా పత్రము. ముడుచుకొనుట అనగా సంకోచము. నూట పన్నెండవ పుట చూడుడు. మొక్క అను మాట ఎచ్చటను లేదు. కొట్టివేయుడు."

కొట్టివేశాక ఉత్తరంలో మిగిలింది ఇది: "మా విభాగమున తీవ్ర పత్ర సంకోచము నెలకొన్నది. తగు చర్య కోరడమైనది."

పత్రం అంటే ఆకే. కాని మా శాఖలో పత్రం అంటే ఎవరికైనా ముందు తోచేది కాగితం. సంకోచం అంటే ముడుచుకోవడమే. కాని ఎవరికైనా ముందు తోచేది జంకు. ఈ సంగతి నేను లోపల మూడుసార్లు చెప్పుకుని చూసుకున్నాను. మూడుసార్లూ సరిగానే ఉంది. బయటికి మాత్రం "అలాగేనండి" అన్నాను.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. దివాకరం గారు మా గదికే వచ్చి కూర్చోగా, త్రిపురసుందరి గారు నిలబడి చదివారు.

"మీ విభాగమున పత్రములు కదలుటకు సంకోచించుచున్నట్లు మీరే అంగీకరించుట గమనించితిమి. పత్రము తనంతట తాను సంకోచింపదు. దాని వెనుక సంకోచించు ఉద్యోగి యొకడు తప్పక యుండును. ముప్పది దినములలో అతనిని గుర్తించి, అతని స్థానము మార్చి, నివేదింపవలెను."

అతని స్థానము మార్చి అన్న దగ్గర నేను కిటికీ వైపు చూశాను. పావురాలు అక్కడే ఉన్నాయి.

"అదేంటండీ! మనం రాసింది మొక్క గురించి కదా. అదే రాసేస్తే పోలా?" అంది హైమావతి.

దివాకరం గారు ఆమె వైపు జాలిగా చూశారు. "పై కార్యాలయము పొరపడినదని వ్రాయుదుమా అమ్మా? పై కార్యాలయము పొరపడదు. కావున ఇరువురు చెప్పినదియు సత్యమే. పత్రము సంకోచించినది. ఉద్యోగియు సంకోచించినాడు. ఉద్యోగి సంకోచించుటచేతనే పత్రము సంకోచించినది. ఎంత చక్కగా అతికినదో చూడుడు!"

ఆ ఉద్యోగి ఎవరో తేల్చే విచారణ పూర్తయ్యేదాకా ఆకులను "విప్పిన స్థితిలో" ఉంచాలని మెమో వచ్చింది. సత్తిరాజు రెండు ప్లాస్టిక్ స్కేళ్ళు తెచ్చి, విరిగిన చేతికి కట్టు కట్టినట్టు ఆకుకు కట్టాడు. హైమావతి తలపిన్నులు ఇచ్చింది. వారం రోజులు మొక్క పురిటి మంచం మీది బాలింతలా తలకు, ఒంటికి కట్లతో కనిపించింది. సోమవారం ఒక ఆకు నిలువునా చిరిగింది. అది 'పత్రభంగము' అట. సంకోచం కన్నా పెద్ద నేరం. మా ఎనిమిది మంది దగ్గరా సంజాయిషీ తీసుకున్నారు. నీళ్ళు మాత్రం ఎవరూ మానలేదు. సంజాయిషీ రాసి, గ్లాసు పోసి, సంతకం పెట్టారు.

తర్వాత మనోవికాస నిపుణులు డాక్టర్ సుహాసరావు గారు వచ్చారు. నవ్వు ముఖం. ఎదుటివాళ్ళు బాధ చెప్పినా అదే నవ్వు. సంచిలోంచి కోణమానిని తీశారు, బడిపిల్లల జామెట్రీ పెట్టెలో ఉండేదే. ఒక్కొక్క ఉద్యోగి మొక్క ఎదురుగా పది నిమిషాలు మనసు విప్పి కూర్చోవాలి. ముందూ వెనకా ఆకు ఎంత ముడుచుకుందో ఆయన కొలుస్తారు.

సత్తిరాజు పది నిమిషాలూ మొక్కకు తన అత్తగారి గురించి చెప్పాడు. ముందు నలభై డిగ్రీలు, తర్వాత నలభై. హైమావతి దానితో ఒక్క మాటా మాట్లాడకుండా చిక్కుడుకాయలు ఒలుచుకుంది. నలభై. త్రిపురసుందరి గారు క్షమాపణ చెప్పారు. నలభై. నా వంతు వచ్చింది. నేను మొక్కను చూశాను. అది నన్ను చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నట్టు అనిపించింది. బహుశా నేనే దాన్ని చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. నలభై.

"మిగతావారిది తాత్కాలికమైన నలభై," అన్నారు సుహాసరావు గారు, కాగితం మీద గీత గీస్తూ. "ఈయనది స్థిరమైన నలభై." తర్వాత నా వైపు వంగారు. "మీరు చివరిసారి గట్టిగా నవ్వింది ఎప్పుడు సార్?"

"ఇప్పుడే నవ్వబోయానండి."

"మరి నవ్వలేదేం?"

"తమరు ప్రశ్న అడిగారు."

ఆయన చాలా సేపు రాసుకున్నారు.

విచారణ శుక్రవారం అన్నారు. బుధవారం నాటికి మొక్కకు రెండు ఆకులు మిగిలాయి. తక్కినవన్నీ పసుపెక్కి, మెత్తబడి, ఒక్కొక్కటీ రాలిపోయాయి. నూకాలు వాటిని చేటలోకి ఎత్తుతూ, తల ఎత్తకుండానే అంది:

"మొదలు ఇంకా కుళ్ళలేదు బాబూ. లోపల పేణముంది. ఇంకో వారం. ఆ తర్వాత తమరు సెప్పినా ఒకటే, సెప్పకపోయినా ఒకటే."

ఆమె నన్ను నిందించలేదు. నిందిస్తే బాగుండేది. ఎదురు చెప్పడానికి లోపల ఏదో ఒకటి వెతుక్కునేవాణ్ణి. ఆ రెండు రోజులూ నేను నా కుర్చీలో కూర్చుని, గోడ మీది వెలుగు నా మోచేతి మీద పడటం చూశాను. ఎండ కాదు, వెలుతురు. గాలి కొట్టదు. నూకాలు చెప్పిన చోటు అచ్చంగా ఇదే. పదిహేడేళ్ళు అందులో కూర్చుని నేను వేసిన కొత్త ఆకు ఏమిటని ఆలోచించాను. జవాబు దొరకలేదు. నిజానికి దొరికింది.

విచారణ సంఘంలో ముగ్గురు. దివాకరం గారు అధ్యక్షులు. పక్కన నిపుణులవారు, ఇటు త్రిపురసుందరి గారు. నేను కూర్చోకముందే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని భయం వేసి.

"పత్ర సంకోచానికి కారణం నా సంకోచమేనండి."

త్రిపురసుందరి గారి చేతిలో పెన్ను ఆగింది.

"మొదటి నెలలోనే నాకు తెలుసు," అన్నాను. "రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్ళు ఎక్కువండి. వేళ్ళు నానిపోతున్నాయి. పైనుంచి ఏసీ చల్లగాలి. దాన్ని నా కిటికీ దగ్గర పెట్టి, మన్ను ఎండినప్పుడే నీళ్ళు పోస్తే సరిపోతుంది. అలా చెబితే నా చోటు పోతుందని చెప్పలేదు."

దివాకరం గారు ప్రొఫార్మా అటూ ఇటూ తిప్పి చూశారు. "నీరు అనుచున్నారు. ఇందు నీటికి గడి లేదు."

"అవసరం లేదు సార్," అన్నారు సుహాసరావు గారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "నీళ్ళు అంటే కన్నీళ్ళు. చల్లగాలి అంటే చిన్నప్పటి నిరాదరణ. కిటికీ అంటే లోకం నుంచి పలాయనం. చూశారా, ఎంత చక్కగా విచ్చుకుంటున్నారో!"

"కిటికీ అంటే కిటికీయేనండి," అన్నాను.

"అద్భుతం," అని రాసుకున్నారు.

తీర్పు సాయంత్రానికే టైపయింది. "సంకోచమునకు మూలమైన ఉద్యోగి నేరము నంగీకరించినాడు. అతనిని విభాగపు ప్రముఖ స్థలమునకు మార్చి, నలుగురి దృష్టియందు ఉంచుట ద్వారా వికసింపజేయవలెను. బాధితమగు వి-3/మొ-1ని అతని స్థానమున ఉంచవలెను." మంజూరైన కుర్చీ ఖాళీగా ఉండకూడదు కాబట్టి కుండీని నా కుర్చీలోనే కూర్చోబెట్టారు. అలా నేను చెప్పిన నిజం ఒక్కటీ నమ్మకుండా, నేను కోరిన పని అంతా చేశారు.

సోమవారం నుంచి నేను ఏసీ కింద. మెడకు మఫ్లరు చుట్టుకున్నాను. పది గంటలకు సత్తిరాజు గ్లాసుతో వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఇదేంటి?"

"జలప్రదానం సార్. రిజిస్టరు మొక్క పేరు మీద లేదంట. ప్రముఖ స్థలం పేరు మీదుందంట. మేడం గారు రూల్సు చూశారు. తాగెయ్యండి, సంతకం పెట్టాలి."

తాగాను. వెనకే హైమావతి. ఆవిడ వెనక ఇంకొకరు. మొదటి రోజు ఏడుగురూ ఏడు గ్లాసులు ఇచ్చారు. ఎనిమిదోది నేనే నాకు పోసుకుని సంతకం పెట్టాను. మొక్క ఎందుకు ముడుచుకుందో ఆ సాయంత్రం నాకు ఒంటితో తెలిసింది.

మూడో రోజున హైమావతి గ్లాసులోంచి ఆవిరి వస్తోంది.

"నీళ్ళనే రాసుంది గానీ, అందులో టీపొడి వెయ్యకూడదని రాయలేదు కదండీ," అంది. "ఇంత చలిలో చన్నీళ్ళు తాగి మీకేమన్నా అయితే అది 'ఉద్యోగిభంగం' అంటారు."

నవ్వాను. గట్టిగానే వచ్చింది. నాకే వింతగా ఉంది.

ఆ గ్లాసుల్లో నేను ఊహించని సదుపాయం ఒకటి ఉంది. గ్లాసు ఇచ్చినవాళ్ళు అది ఖాళీ అయ్యేదాకా కదలడానికి లేదు, వెనక్కి పట్టుకెళ్ళాలి. వాళ్ళు ఏదో అడుగుతారు. నేను జవాబు లోపల చెప్పుకుని చూసుకుంటాను. చూసుకుని పైకి వచ్చేసరికి, పదిహేడేళ్ళలో మొదటిసారి, మనిషి ఇంకా ఎదురుగానే ఉంటాడు. సత్తిరాజు అత్తగారి కథ నాకు మొత్తం తెలిసింది. తప్పు సత్తిరాజుదే. ఆ మాట కూడా అతనికి చెప్పాను. అతను ఒప్పుకోలేదు గాని, మర్నాడు టీలో అల్లం వేయించాడు.

కిటికీ దగ్గర మొక్కను నూకాలు ఒక్కతే చూసుకుంది. రిజిస్టరు లేదు కాబట్టి ఎవరూ నీళ్ళు పోయలేదు. వారానికోసారి వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటే ఒక చెంబు పోసేది. మిగిలిన రెండు ఆకులూ నెమ్మదిగా విప్పుకుని చదునయ్యాయి.

నాలుగో వారంలో తనిఖీ. దివాకరం గారు, సుహాసరావు గారు నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళారు. మొదట ఇద్దరి ముఖాలూ వికసించాయి. తర్వాత దివాకరం గారు వంగి చూశారు. రెండు ఆకుల మధ్యలోంచి లేత పచ్చగా, సన్నగా, బిగుతుగా చుట్టుకుని ఉన్నది ఒకటి నిలబడి ఉంది.

"మరల సంకోచము!" అన్నారు. "మునుపటికంటె తీవ్రము! కోణమే లేదు!"

సుహాసరావు గారు మఫ్లరులో ఉన్న నన్ను ఒకసారి, దాన్ని ఒకసారి చూశారు. "మూలం ఇంకా లోతుగా ఉన్నట్టుంది. ముందు దీన్ని విప్పుదాం," అంటూ రెండు వేళ్ళతో దాని కొన పట్టుకోబోయారు.

"ముట్టుకోకండి!"

అన్నది ఎవరా అని నేనూ చుట్టూ చూశాను. నేనే. మాట లోపలికి వెళ్ళకుండా నేరుగా బయటికి వచ్చేసింది. అప్పటికే నేను కిటికీకీ వాళ్ళకీ మధ్యన నిలబడి ఉన్నాను.

"అది ముడత కాదండి. మొవ్వు."

"మొవ్వు అనగానేమి?" అన్నారు దివాకరం గారు.

"కొత్త ఆకండి. కొత్త ఆకు చుట్టుకునే పుడుతుంది. అరిటాకైనా అంతే. వేళకు తనే విచ్చుకుంటుంది. విప్పితే చిరుగుతుంది. మనం చెయ్యవలసింది ఏమీ లేదు."

"ఏమీ లేదా?" మా శాఖలో ఆ మాట ఎవరూ విని ఎరగరు. దివాకరం గారు చంకలోని పదకోశం తీసి, వేలితో వరస చూసుకుంటూ వచ్చారు. పైకి ఒకసారి, కిందికి ఒకసారి. "మొలక ఉన్నది. దాని వెనుకనే మొసలి ఉన్నది. నడుమ ఏమియు లేదు."

గుమ్మంలో నూకాలు చీపురు పట్టుకుని నిలబడింది.

దివాకరం గారు పదకోశం మూశారు. "పదకోశమున లేనిదానిపై చర్య గైకొనజాలము. అది లేనట్లే భావింపవలెను. పదండి."

వాళ్ళు వెళ్ళాక నూకాలు నా పక్కకు వచ్చింది. "మాట గబుక్కునే వచ్చిందే బాబూ!"

"చూసుకోలేదు నూకాలమ్మా."

"సూసుకోకపోయినా బాగానే వచ్చింది," అని ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

అధికారికంగా లేని ఆ ఆకు పదకొండో రోజున విచ్చుకుంది. అప్పటికే పక్కన ఇంకోటి మొదలైంది. రోజూ భోజనం వేళ నా క్యారియరు అక్కడికే తీసుకుపోతాను. కుర్చీలో మొక్క కూర్చుంటుంది, నేను స్టూలు మీద. ఈమధ్య సత్తిరాజూ హైమావతీ కూడా అక్కడికే వస్తున్నారు. పావురాలకు కొంత ఇబ్బంది.

మార్చిలో చీటీ వచ్చింది. త్రిపురసుందరి గారు తల వంచుకుని నా బల్ల మీద పెట్టి, వేరే పనున్నట్టు పక్కకు తిరిగారు. "ముడుచుకుపోవు స్వభావము" అన్నది నీలం సిరాతో కొట్టేసి ఉంది. పైన ఆవిడ చేతిరాత: "మొవ్వు స్వభావము."

పదకోశంలో లేని మాట. దాని మీద ఎవరూ ఏ చర్యా తీసుకోలేరు.

సంతకం పెట్టాను. ఖాళీ గ్లాసు కోసం సత్తిరాజు ఎదురుగా నిలబడే ఉన్నాడు.